మింకోవ్‌స్కీ గీతలు, మావయ్య చార్టు

మా మావయ్య రైల్వేలో సెక్షన్ కంట్రోలరుగా చేసేవారు. చిన్నప్పుడోసారి నన్ను బెజవాడ కంట్రోలు ఆఫీసుకి తీసుకెళ్ళారు. టేబుల్ మీద ఇంత పొడుగు కాగితం. నిలువునా స్టేషన్ల పేర్లు, అడ్డంగా గంటలు. పెన్సిల్‌తో గీసిన ప్రతి ఏటవాలు గీతా ఒక రైలు. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా లేస్తుంది, గూడ్సుది వాలిపోతుంది, లూప్ లైన్లో పడేసిన బండి గీత అడ్డంగా పడుకుంటుంది.

ఇంజనీరింగ్ ఫస్టియర్లో రిలేటివిటీ చెప్పినప్పుడు ఈ కాగితం ఎవరూ గుర్తుచెయ్యలేదు. ఫార్ములా బట్టీ పట్టాం, మార్కులొచ్చాయి, ముక్క అర్థం కాలేదు.

తప్పంతా మనదే కాదులెండి. 1905లో ఐన్‌స్టీన్ రాసిన పేపర్లో ఒక్క బొమ్మా లేదు. గీసి చూపించింది జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో ఆయనకి లెక్కలు చెప్పిన హెర్మన్ మింకోవ్‌స్కీ. 1908 సెప్టెంబరు 21న కొలోన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన దూరాన్నీ కాలాన్నీ ఒకే కాగితం మీద పెట్టాడు. మావయ్య చార్టునే తిప్పి పట్టుకున్నట్టు: దూరం అడ్డంగా, కాలం నిలువుగా. దూరాన్ని కాంతి సెకన్లలో కొలిస్తే (ఒకటంటే సుమారు 3 లక్షల కిలోమీటర్లు) కాంతి గీత సరిగ్గా 45 డిగ్రీలు.

ఇంతవరకూ పెద్ద తేడా లేదు. అసలు కిటుకు ఇక్కడుంది. రైల్లో కూర్చున్నవాడికి తన సీటు కదలదు కాబట్టి, వాలిన ఆ రైలు గీతే వాడి టైమ్ యాక్సిస్. న్యూటన్ లెక్క ఇక్కడితో ఆగిపోతుంది, "ఇప్పుడు" అనే అడ్డగీత అందరికీ ఒకటే. కానీ కాంతి వేగం ఇద్దరికీ ఒకటే రావాలంటే 45 డిగ్రీల గీత వాడి రెండు యాక్సిస్‌లకీ నడిమధ్యలో ఉండాలి. అంటే టైమ్ గీత ఎంత వాలితే "ఇప్పుడు" గీత అంత పైకి లేవాలి, కత్తెర మూసుకున్నట్టు.

మనకి ఒకే క్షణంలో, 10 కాంతి సెకన్ల ఎడంలో రెండు మెరుపులు మెరిశాయనుకోండి. కాంతి వేగంలో 60 శాతంతో పోయేవాడి లెక్కలో, వాడు వెళ్ళే వైపు మెరుపు 7.5 సెకన్లు ముందే మెరిసింది. వెలుతురు వచ్చి చేరడానికి పట్టే ఆలస్యం తీసేశాక కూడా ఇంత తేడా! వాడి వాచీ బానే ఉంది. వాడి "ఇప్పుడు" వేరు, అంతే.

ఐన్‌స్టీన్ మొదట్లో ఇదంతా అనవసర పాండిత్యం అని కొట్టిపారేశాడంటారు. 1916లో జనరల్ రిలేటివిటీ పేపర్ మొదట్లోనే మింకోవ్‌స్కీ పేరు తలుచుకోక తప్పలేదు. పాపం, చూడ్డానికి ఆయన లేడు. 1909 జనవరిలో, 44 ఏళ్ళకే అపెండిసైటిస్‌తో పోయాడు.

అన్నట్టు, ఆ బొమ్మ మన ఫీల్డులోకీ వచ్చింది. 1978లో లెస్లీ లాంపోర్ట్ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ మీద రాసిన పేపర్లో నిలువు గీతలు ప్రాసెస్‌లు, వాటి మధ్య వంకర గీతలు మెసేజ్‌లు. ఒక ఈవెంట్ నుంచి ఇంకోదానికి ఆ గీతల వెంట దారి లేకపోతే, ఏది ముందో సిస్టమ్ చెప్పలేదు. రెండు సర్వర్ల లాగ్స్ పక్కపక్కన పెట్టుకుని టైమ్‌స్టాంపులు చూసి ఒట్టేసే మనవాళ్ళకి నేను ముందు ఆ బొమ్మే గీసి చూపిస్తాను.