ఎలక్ట్రోలైట్

పెదపాడులో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్ళు లోపలి ద్రవాన్ని ‘యాసిడ్’ అనేస్తారు. దాని శాస్త్రీయ నామం ఎలక్ట్రోలైట్. ఈ మాటను 1834లో మైకేల్ ఫారడే వాడుకలోకి తెచ్చాడు. అందులోని ‘లైట్’ భాగపు గ్రీకు మూలానికి విప్పడం, విడదీయడం అని అర్థం. మన పాఠ్యపుస్తకాల ‘విద్యుద్విశ్లేష్యం’ కూడా అదే చెబుతుంది, శ్లేష అంటే కలయిక, విశ్లేషమంటే విడిపోవడం కాబట్టి.

ద్రవమే కావాలన్న షరతు ఈ మాటలో ఎక్కడా లేదు. వేడెక్కిన సిల్వర్ సల్ఫైడ్ గట్టిగా ఉంటూనే కరెంటు పారనిస్తుందని ఫారడే అప్పటికే గమనించాడు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు లిథియం, జెర్మేనియం, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఘనపదార్థాన్ని చూపారు. అందులో లిథియం అయాన్లు గది వేడిమిలోనే ద్రవంలో ఉన్నంత చురుగ్గా కదులుతాయి. లిథియం బ్యాటరీలో మండే ద్రవానికి బదులు ఇలాంటి ఘనపదార్థం ఉంటే నిప్పు భయం తగ్గుతుంది. కాకపోతే ఘన ఎలక్ట్రోలైట్‌కూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య సందు పడితే అయాన్ల దారి తెగుతుంది. పరిశోధకులకు ఇప్పటికీ కొరుకుడుపడనిది ఆ అతుకే.