తొమ్మిదీ ముప్పై ఒకటికి

2025 ఆగస్టు 26, సాయంత్రం. భీమవరం దగ్గర ఓ రొయ్యల ప్లాంటు. బయట ముసురు. లోపల ఐసు నీళ్లు, ముక్కు మండించే క్లోరిన్ వాసన. స్టీలు బల్ల ముందు గమ్‌బూట్లేసుకుని నిలబడ్డ ఆడవాళ్ల వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా ఆగట్లేదు. తల విరిచెయ్. పొట్టు లాగెయ్. నరం తీసెయ్. ఒలిచినన్ని కిలోలకే డబ్బులు మరి. చీకటి పడకముందే బల్ల ఖాళీ అయిపోయింది.

"ఇంకో లోడు రాలేదేంటండీ?"

సూపర్‌వైజరు తలెత్తలేదు. "ఇవాళ్టికి అంతేనమ్మా."

గేటు దగ్గర నిండు కంటైనరు. ఫ్రీజరు మోటారు గుర్రుమంటోంది. బండి మాత్రం కదలట్లేదు.

వాషింగ్టన్‌లో అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం, అంటే మనకి రేపు పొద్దున్న 9:31. ఆ క్షణాన చాలా భారత సరుకుల మీద అమెరికా సుంకం 25 నుంచి 50 శాతానికి ఎగబాకుతుంది. రొయ్యకి అంతటితో పోదు. 2005 నుంచీ మోస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, దానికి తోడు కౌంటర్‌వైలింగ్ సుంకమూ కలిస్తే 58 దాటుతుంది. ఈలోపు ఓడెక్కిన సరుకుకి మినహాయింపుంది, సెప్టెంబరు 17లోగా అక్కడ దిగితేనే! సముద్రం మీద ప్రయాణం నెల పైమాటే. అమెరికాలో కొనేవాళ్ల నుంచి కబురు రానే వచ్చింది: ఆపండి.

తెల్లారితే వినాయక చవితి. పీట మీద పత్రి. పొయ్యి మీద ఉండ్రాళ్లు. తొమ్మిదిన్నర దాటాక ఫోను మోగింది.

"రేపు ప్లాంటు బస్సు రాదమ్మా."

"ఎల్లుండన్నా వస్తుందాండీ?"

అవతల ఉలుకూ పలుకూ లేదు.

సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే. కానీ ధర తగ్గించమని అతను ఎగుమతిదారు మెడ మీద కూర్చుంటే, ఎగుమతిదారు రైతు దగ్గర కొనే ధరలో ఇంతని కోసేస్తే, మేతకీ ఏరియేటర్ల కరెంటుకీ అప్పులు చేసిన రైతు ఇక గిట్టదని చెరువు ఎండగట్టేస్తే, ఆ దెబ్బంతా దొర్లుకుంటూ వచ్చి ఈ ఒలుపు బల్ల మీద పడుతుంది. కిలోకిచ్చే ఒలుపు రేటు ఎవరూ ముట్టుకోలేదు. ఒలవడానికి కిలోలేవీ?

2024-25లో అమెరికా మన దగ్గర కొన్న రొయ్య 3.11 లక్షల టన్నులు. సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్రానికి లేఖ రాశారు: సగం ఆర్డర్లు రద్దయ్యాయని, నష్టం 25 వేల కోట్ల దాకా ఉంటుందని.

అప్పటికి పోటీదారు ఈక్వెడార్ మీద అమెరికా వేసిన కొత్త సుంకం 15 శాతం.