కత్తికి దారి చూపే రంగులు

కేన్సర్ కణితిని కోసి తీసే శస్త్రవైద్యునికి అసలు చిక్కు, ఎక్కడ ఆపాలన్నదే. తక్కువ కోస్తే జబ్బు మిగిలిపోతుంది. ఎక్కువ కోస్తే మంచి భాగం పోతుంది. మెదడులోనైతే మాటో, చెయ్యో పడిపోవచ్చు. కణితి సరిహద్దు చాలాసార్లు కంటికి ఆనదు. దానిని వెలిగించి చూపే ప్రయత్నాల చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ ఫ్లోరెసిన్ అనే రంగును తయారుచేశారు. నీలికాంతి పడితే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. కంటి వైద్యులు రెటీనా పరీక్షకు చేతి నరంలోకి ఎక్కించే పసుపు మందు ఇదే. మధుమేహం ఉన్న మన సభ్యులలో కొందరికి పరిచయమే. 1948లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జి మూర్ దీనినే మెదడు కణితుల రోగులకు ఎక్కించి, అతినీలలోహిత కాంతిలో కణితిని గుర్తించారు. అయితే ఈ రంగు కణితిలోనే కాక, వాపు ఉన్నచోట కూడా చేరుతుంది.

తరువాతి పెద్ద అడుగు జర్మనీలో పడింది. వాల్టర్ స్టుమ్మర్ బృందం ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు రోగిచేత అమినోలెవులినిక్ ఆమ్లం తాగించింది. కణితి కణాలు దానిని మరో పదార్థంగా మార్చుకుని, నీలికాంతిలో ఎర్రగా మెరుస్తాయి. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, స్కానింగులో కనిపించే కణితి పూర్తిగా తొలగినది ఈ పద్ధతిలో నూటికి 65 మందికి. మామూలు పద్ధతిలో 36 మందికి మాత్రమే.

ఇక్కడ మన తెలుగువాని ప్రస్తావన వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఇచ్చే మాత్ర అదే. అండాశయ కేన్సర్ కణాలలో చాలావాటికి పైపొరమీద ఈ విటమిన్‌ను పట్టుకునే గ్రాహకాలు మెండుగా ఉంటాయి. అందుచేత ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుకు మెరిసే రంగును జతచేసి పాఫోలాసియానిన్ అనే మందు చేశారు. దాని వెలుగు కంటికి కనిపించదు, ప్రత్యేక కెమెరాకే కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం దానిని అండాశయ కేన్సర్‌కు 2021లో, ఊపిరితిత్తుల కణితులకు 2022లో అనుమతించింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావుగారు ఈ ఉపయోగాన్ని చూడలేదు.

రంగు జబ్బును నయం చేయదు. జబ్బు లేనిచోట మెరవవచ్చు, ఉన్నచోట మెరవకపోవచ్చు. అది దారి చూపుతుంది. ఎక్కడ ఆగాలో తేల్చవలసింది వైద్యుని అనుభవమే.