గాలికి కళ్లెం వేసిన నలభై ఏళ్లు

కైట్ సర్ఫింగ్ నేర్చుకుని సొంత సామాను కొనుక్కోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ కంపెనీ మంచిది, ఎంతలో వస్తుంది అని. నా లెక్కలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ కైట్ ఏ ఏడాదిది? గాలిని పట్టి బండిని లాగించడం మనిషికి రెండు వందల ఏళ్ల కిందటే తెలుసు. పట్టిన గాలిని అనుకున్న క్షణంలో వదిలించుకోవడం మాత్రం 2005 ప్రాంతంలో గానీ చేతికి రాలేదు. మొదటి కైట్ ఎంచుకునేవాళ్లకు ఈ చరిత్ర ఊసుపోక కబురు కాదు. కైట్‌ను నడపడానికి చేత్తో పట్టుకునే బార్ మీద కనిపించే ఒక్కో కొక్కెం వెనుక ఎవరో ఒకరు పడ్డ పాట్లు ఉన్నాయి.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1826లో ‘చార్‌వోలాన్’ అనే బండికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని లాగేవి గుర్రాలు కావు, పెద్ద పెద్ద గాలిపటాలు. గుర్రాల మీద పన్ను కట్టే బాధ తప్పించుకోవడం కూడా ఆయన ఉద్దేశాల్లో ఒకటి. ఆయన ఆ పటాలను నాలుగు తాళ్లతో నడిపాడు. మన సంక్రాంతి పతంగికి ఒకే దారం. ఎగరడానికి అది చాలు గానీ, ఎటు తిరగాలో, ఎంత బలంగా లాగాలో మనం శాసించాలంటే చాలదు. పోకాక్ అది గ్రహించాడు. ఆ తర్వాత రైళ్లొచ్చాయి, లోకం ఆయన్ని మరిచిపోయింది. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటం లాగే చిన్న పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. 1977లో నెదర్లాండ్స్‌కు చెందిన పాన్‌హైస్, బోర్డు మీద నిలబడ్డ మనిషిని పటం లాగే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. దానికి బజారులో ఆదరణ దక్కలేదు.

అందరికీ అడ్డొచ్చిన చిక్కు ఒకటే. పటం నీళ్లలో పడిందంటే తడిసి ముద్దవుతుంది, మళ్లీ లేవదు. ఒడ్డుకు దూరంగా ఉన్న మనిషి ఇక ఈదుకుంటూ రావాల్సిందే. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూ ఈ ముడి విప్పారు. 1984 నవంబరులో వాళ్లు పేటెంటుకు పెట్టిన కైట్‌కు ముందు అంచు పొడవునా గాలి నింపిన గొట్టం ఉంది, దానికి అడ్డంగా చిన్న గొట్టాలున్నాయి. లోపల గాలి ఉంటుంది కాబట్టి అది మునగదు, ఆకారం చెడదు, నీళ్లమీద పడినా తాడు లాగితే మళ్లీ పైకి లేస్తుంది. ఇవాళ బీచ్‌లో పంపుతో గాలి కొడుతూ కనిపించే కైట్లన్నీ ఆ ఆలోచనకు పుట్టినవే. అప్పట్లో విండ్ సర్ఫింగ్ మంచి ఊపు మీద ఉండటంతో కంపెనీలు వీళ్ల మాట చెవిన పెట్టలేదు. చివరికి ‘వైపికా’ పేరుతో 1997లో తామే అమ్మకానికి పెట్టారు. పదమూడేళ్ల ఓపిక అది. ఈ ఆటకు సంబంధించి నేను అందరికంటే ఎక్కువగా గౌరవించేది ఈ అన్నదమ్ములనే.

అదే కాలంలో అమెరికాలో బోయింగ్ ఇంజనీరు బిల్ రోజ్లర్, ఆయన కొడుకు కోరీ ‘కైట్‌స్కీ’ తయారు చేశారు. పడిపోయిన పటాన్ని లేపడానికి బార్ మీదే తాడు చుట్టే చక్రం బిగించారు. పని చేసింది గానీ బరువు, తిప్పలు ఎక్కువ. గాలి గొట్టాల ముందు అది నిలవలేదు.

1996లో హవాయి దీవుల్లోని మావీ తీరంలో లెయర్డ్ హామిల్టన్, మాన్యూ బెర్టాన్ అనే సర్ఫర్లు కైట్ సర్ఫింగ్ చేసి చూపించాక లోకం ఇటు తిరిగింది. విండ్ సర్ఫింగ్ ఛాంపియన్ రాబీ నైష్ లాంటివాళ్లు లెగెన్యూల దగ్గర లైసెన్సు తీసుకుని కైట్లు కుట్టించారు. అమ్మకాలు పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. మొదటి కైట్లకు లైన్లు, అంటే తాళ్లు, రెండే. తర్వాత నాలుగు లైన్లు వచ్చినా, ‘సి’ ఆకారంలో వంగి ఉండే ఆ కైట్ల లాగుడును కొంతవరకే తగ్గించగలిగేవాళ్లు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. నడుముకు కట్టిన పట్టీకి కైట్ తగిలించి ఉండగా ఉన్నట్టుండి ఈదురుగాలి కొడితే మనిషిని ఇసుక మీద ఈడ్చుకుపోయేది, రాళ్లకో గోడకో కొట్టేది. ప్రాణాలు పోయాయి.

దీనికి విరుగుడు కూడా బ్రూనో లెగెన్యూ దగ్గరనుంచే వచ్చింది. ఆయన రూపొందించిన బో కైట్ మరీ వంగి ఉండదు. వెనుక అంచు లోపలికి కోసినట్టు ఉంటుంది, ముందు అంచును చిన్న తాళ్లు పట్టి ఉంచుతాయి. 2005లో కాబ్రిన్హా కంపెనీ ‘క్రాస్‌బో’ పేరుతో దాన్ని తెచ్చింది. బార్‌ను ముందుకు వదిలేస్తే దాదాపు మొత్తం లాగుడు పోతుంది. నా ఉద్దేశంలో ఈ ఆట మామూలు మనుషులకు అందింది ఆ ఏడాదే.

ఇప్పటి బార్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. వెనుక లైన్లు రెండూ బార్ కొసలకు కట్టి ఉంటాయి. ముందు లైన్లు బార్ మధ్య రంధ్రంలోంచి వచ్చి ‘చికెన్ లూప్’ అనే ఉంగరంలో ముగుస్తాయి. ఆ ఉంగరం నడుము పట్టీకి, అంటే హార్నెస్‌కు, ఉన్న కొక్కేనికి తగులుతుంది. బార్‌ను దూరంగా నెడితే వెనుక లైన్లు వదులై, కైట్ గాలిని పట్టే కోణం తగ్గి లాగుడు పడిపోతుంది. అదే డీపవర్. అదీ చాలకపోతే ఉంగరం మీద ఎర్రటి పిడి ఉంటుంది. దాన్ని ఒంటినుంచి దూరంగా తోస్తే ఉంగరం తెరుచుకుంటుంది, కైట్ ఒకే లైను మీద వేలాడుతూ నీరసపడిపోతుంది. ఇదే క్విక్ రిలీజ్. ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా ఉండే ఈ భాగానికి 2020లో ఐఎస్‌ఓ 21853 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

బోర్డుల కథ చిన్నది. మొదట్లో సర్ఫ్‌బోర్డు లాంటివి వాడారు. దిశ మారినప్పుడల్లా కాళ్లు మార్చుకోవాలి. రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ టిప్ వచ్చాక ఆ బెడద పోయింది. 75 కిలోల మనిషికి మొదటి బోర్డు 140 సెంటీమీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు అటూఇటూగా ఉంటే బాగుంటుంది. పెద్ద బోర్డు తక్కువ గాలికే లేస్తుంది, తప్పుల్ని కాస్తుంది. బోర్డును కాలికో నడుముకో తాడుతో కట్టుకోవడం ఒకప్పుడు మామూలే. సాగిన తాడు బోర్డును వెనక్కి విసిరి తలలు పగలగొట్టాక ఆ అలవాటు తగ్గింది. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ వద్దనుకోకండి.

కైట్ సైజు ఒంటి బరువును బట్టి, మీరు వెళ్లే తీరంలో వీచే గాలిని బట్టి ఉంటుంది. అదే 75 కిలోల మనిషికి 15 నాట్లకు, అంటే గంటకు 28 కిలోమీటర్ల గాలికి, 12 చదరపు మీటర్ల కైట్ సరిపోతుంది. 20 నాట్లు దాటితే 9 చదరపు మీటర్లదే మేలు. మొదట ఒక్కటే కొనండి. మన తెలుగువాళ్లు దర్శనానికి వెళ్లే రామేశ్వరం పక్కనే, నిలకడైన గాలి, లోతు తక్కువ నీళ్లు ఉన్నచోట శిక్షణ ఇస్తున్నారు. అక్కడ వారం గడిపాక మీ సైజు మీకే తెలుస్తుంది.

2024 ఒలింపిక్స్‌లో మార్సెయ్ దగ్గర ఈ ఆటకు తొలిసారి పతకాలు ఇచ్చారు. ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటస్, బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్‌డ్రిజ్ స్వర్ణాలు గెలిచారు. సింగపూర్ కుర్రాడు మ్యాక్స్ మేడర్ పదిహేడేళ్లకే కాంస్యం తెచ్చాడు. అది చూసి ముచ్చటపడి అలాంటి సామానే కొనాలనిపిస్తే ఆగండి. వాళ్లవి గొట్టాలు లేని ఫాయిల్ కైట్లు, నీళ్లలో పడితే కొత్తవాళ్ల చేతిలో తొందరగా లేవవు. లెగెన్యూలు తీర్చిన కష్టాన్నే మళ్లీ కొనితెచ్చుకున్నట్టవుతుంది.

కొత్త సామాను ఖరీదెక్కువ కాబట్టి చాలామంది పాతది కొంటారు. తప్పేం లేదు. అయితే 2005కు ముందరి కైట్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, అయిదారేళ్ల లోపుదే వెతకండి. బట్టను వేళ్ల మధ్య నలిపితే కొత్తదైతే కరకరలాడుతుంది, ఎండకు అరిగినదైతే మెత్తటి గుడ్డలా ఉంటుంది. ముందు గొట్టానికి గట్టిగా గాలి కొట్టి రెండు గంటలు వదిలేసి చూడండి. మెత్తబడితే లోపలి గాలి సంచికో (బ్లాడర్) వాల్వ్‌కో చిల్లు ఉన్నట్టే. నాలుగు లైన్లనూ ఒక మేకుకు తగిలించి బార్‌తో లాగితే పొడవులు సమానంగా ఉండాలి. ముందు లైన్లు సాగిపోయి ఉంటే కైట్ గాలిలో వెనక్కి జారుతుంటుంది. చివరగా హార్నెస్ కట్టుకుని, అవతలి కొసన లైన్లను ఒకరు బిగించి పట్టుకోగా, ఎర్ర పిడిని ఒంటిచేత్తో తోసి చూడండి. ఒక్క తోపుకు తెరుచుకోకపోతే, బేరం ఎంత బాగున్నా ఆ బార్ కొనకండి.