పూత రాకముందే

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపించడానికీ, ఆ కాలనీ గోడల వెంట వయ్యారిభామ మొలవడానికీ దారి ఒక్కటే, రైలు పట్టా. మనుషులు ముందు వచ్చారు, మొక్క తరవాత వచ్చింది. మనుషుల రాక గురించి మావాళ్ళు పండక్కి కలిసినప్పుడల్లా చెప్పుకుంటారు. మొక్క రాక గురించి, దాన్ని పీకిన చేతుల గురించి చెప్పుకోరు. గ్యాంగ్ మేట్ కూతుర్ని, ఉద్యోగమంతా పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) 1887లో పుట్టింది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పెద్ద లైను 1891 ఫిబ్రవరిలో తెరిచారు. కట్నీ లైను ఇక్కడే విడిపోవడంతో అర్పా ఒడ్డున ఉన్న ఈ ఊరు జంక్షనయింది. మన ఉత్తరాంధ్ర జిల్లాలకు ఈ కంపెనీతో చుట్టరికం 1902లో కలిసింది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వే అప్పుడే బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. 1931లో రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తయ్యాక పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ వైపు జనానికి ఛత్తీస్‌గఢ్ దగ్గరైపోయింది. మా తాత ఆ లైను మీదే వచ్చి ఖలాసీగా చేరాడు. నాన్న పట్టాలు చూసుకునే గ్యాంగులో గ్యాంగ్‌మేన్‌గా మొదలుపెట్టి మేట్, అంటే ఆ గ్యాంగుకి పెద్ద, అయ్యాడు. బి.ఎన్.ఆర్. పోయి 1955లో సౌత్ ఈస్టర్న్ వచ్చింది, 2003లో బిలాస్‌పూరే ఒక జోన్‌కి ముఖ్యపట్నమైంది. బోర్డుల మీద పేర్లు ఎన్ని మారినా పట్టా మీద పని మాత్రం అదే.

కంకర ఎందుకు పోస్తారో నాన్న నాకు చిన్నప్పుడే చెప్పాడు. బండి బరువును పంచడానికి ఒకటి, వాన నీటిని నిలవనివ్వకుండా దించెయ్యడానికి రెండు. కంకరలో కలుపు పడితే వేళ్ళ మధ్య మట్టి చేరుతుంది. ఆ మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, స్లీపరు కింద బురద లేస్తుంది, పట్టా లెవెలు తప్పుతుంది. గ్యాంగుకి ఏడాది పొడుగునా ఒక క్రమం ఉంది. వానలకు ముందు పక్క కాలవల్లో పూడిక తియ్యాలి, కట్ట అంచులు సరిచెయ్యాలి. వానల్లో రాత్రి పెట్రోలింగు, నీళ్ళు పారే దారుల మీద కన్ను. వానలు వెళ్ళాక లైనంతా మళ్ళీ బిగించుకురావాలి. కలుపు పీకడం వీటన్నిటి సందుల్లో జరిగే పని. నాన్న దానికి కూడా ఒక గడువు పెట్టుకున్నాడు. మన ఏరువాక పున్నమి నాటికి మొలకలు కనబడతాయి. ఇక్కడి రైతుల హరేలీ పండగ నాటికి, అంటే మన ఆషాఢ అమావాస్యకి, మొదటి పీకుడు అయిపోవాలి. హరేలీ రోజున ఛత్తీస్‌గఢీ గ్యాంగ్‌మేన్లు గైంతీ, ఫావడా, ఖుర్పీ లాంటి పనిముట్లు కడిగి బొట్టు పెట్టి పూజ చేసేవారు. ఆ పూజ లోపలే కలుపు లెక్క తేలాలని మేట్ పట్టు.

అప్పటి కలుపంటే గరిక, తుంగ, తగిరిస. ఈ తగిరిసనే ఇక్కడ చరోటా అంటారు. లేతాకు కూర వండుకుంటారు, గింజలు ఏరి అమ్ముకుంటారు. ఇవన్నీ ఎరిగున్న మొక్కలే, పీకినా ఎవరికీ ఏమీ కాదు. నేను హైస్కూల్లో చదివే రోజులకి గూడ్స్ షెడ్డు పక్కన, యార్డు అంచుల్లో కొత్త మొక్క కనబడసాగింది. క్యారెట్ ఆకులాంటి ఆకు, మీద తెల్లటి చిన్న పూలు. ఇక్కడివాళ్ళు గాజర్ ఘాస్ అన్నారు. సెలవుల్లో పాలకొండ వెళ్తే అక్కడ కాంగ్రెస్ గడ్డి అన్నారు, వయ్యారిభామ అన్నారు.

ఇది మెక్సికో, కరీబియన్ ప్రాంతాల మొక్క. మన దేశంలో దీని పాకుడు మొదలైంది పూనా చెత్తకుప్పల మీద, 1950ల తొలి రోజుల్లో. బొటానికల్ సర్వేలో పనిచేస్తున్న ఆర్.ఎస్. రావు గారు 1956లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో దీన్ని దేశానికి కొత్త మొక్కగా ప్రకటించారు. తరవాత మన శ్రీకాకుళం జిల్లా వృక్షజాతుల మీద పుస్తకం రాసినవారిలోనూ ఆయన ఒకరు. అమెరికా పి.ఎల్. 480 గోధుమలతో ఈ విత్తనం దిగిందని అందరూ అంటారు. కాని ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 ఆగస్టులో, మొక్కేమో అప్పటికే పూనాలో ఉంది. అంతకు ముందు దిగుమతైన ధాన్యంలోనో మరో దారినో వచ్చి ఉండాలి. తరవాతి గోధుమలు దాన్ని ఇంకా పంచి ఉంటాయి. ఎలా వచ్చినా, రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట అది దేశమంతా పరుచుకుంది. 1975 నాటికే కర్ణాటక ప్రభుత్వం దీన్ని చట్టం కింద హానికర కలుపుగా ప్రకటించాల్సి వచ్చింది.

నాన్నకి ఈ చరిత్ర తెలియదు. ఆయనకి మొక్క తెలుసు. మొలిచిన కొత్తలో ఆకులన్నీ నేలకి అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి, కింద గడ్డిపోచని కూడా లేవనివ్వవు. అప్పుడు తడి నేలలో మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టి నిటారుగా లాగితే తెల్లటి తల్లివేరు మొత్తం వచ్చేస్తుంది. పక్కకి లాగితే మెడ దగ్గర పుటుక్కుమంటుంది, మిగిలిన మోడు మళ్ళీ చిగురిస్తుంది. నేలమీంచి కాడ లేచిందంటే పూత దగ్గర పడ్డట్టే. మొలిచిన నెల, నెలన్నరకి పూస్తుంది. బాగా ఎదిగిన ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుంది. గాలికి, నీటికి, బండి చక్రానికి, చెప్పుకి అంటిన బురదకి అవి కదిలిపోతాయి. మట్టిలో పడ్డవి ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. “పూసీసినాక పీకితే పీకినట్టు కాదమ్మా, జల్లినట్టు” అనేవాడు నాన్న. నేను క్లాసులో ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా ఈ మాటకి మించింది చెప్పలేకపోయాను.

ఈ పనికి ఆయన మూల్యం చెల్లించాడు. కొన్నేళ్ళకి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా దళసరెక్కి దురద పెట్టేవి. వాన తగ్గి ఎండ కాస్తే మరీ ఎక్కువ. చూపించుకున్న డాక్టరు తామర అని మందు రాశాడు. ఈ మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం పడనివాళ్ళకి సరిగ్గా ఆ చోట్లలోనే చర్మం అలా అవుతుందని, దుమ్ముగా మారిన ఎండుమొక్క గాలిలో వచ్చి తగిలినా చాలునని నేను ఎమ్మెస్సీ పుస్తకాల్లో చదివాను. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. ఆ గ్యాంగులో ఎవరి చేతికీ తొడుగు లేదు. ఈ చరిత్రలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

కట్నీ లైను మీదుగా వెళ్తే వచ్చే జబల్‌పూర్‌లో 1989లో కలుపు మొక్కల మీద జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. అంతకు ముందే, 1984లో, బెంగళూరు శాస్త్రవేత్తలు మెక్సికో నుంచి తెప్పించిన ఒక పెంకు పురుగుని ఈ మొక్క మీద వదిలారు. జైగోగ్రామా దాని పేరు. పొద్దుతిరుగుడు ఆకుల మీద కూడా కనబడిందని కొన్నాళ్ళు పెద్ద గొడవే అయింది. ఆ పంటకి దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని తేలాక జబల్‌పూర్ వాళ్ళు పెంచి పంచడం మొదలుపెట్టారు. కందిబద్దంత పురుగు, మీగడరంగు వీపు, నిలువునా గోధుమరంగు వంకర చారలు. ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ముందు లేత చిగుళ్ళ మీద పడతాయి, చిగురు పోతే పూత ఉండదు. తొలి వానలకి నేలలోంచి పైకి వస్తుంది, చలికాలంలో మళ్ళీ మట్టిలోకి దిగి నిద్రపోతుంది. కలుపు పీకడానికి వచ్చిన మా బడి పిల్లలకి నేను మొదట నేర్పింది ఈ పురుగుని గుర్తుపట్టడం. ఆకు జల్లెడలా ఉంటే తిప్పి చూడాలి, పురుగు ఉంటే ఆ మొక్క జోలికి పోకూడదు, నోటుబుక్కులో చోటు రాసుకుని ముందుకి సాగాలి. పీకేవాడు పురుగుని కూడా పీకిపారేస్తే మరుసటి ఏడు పని రెట్టింపవుతుంది.

బయటినుంచి వచ్చిన మొక్క ఇదొక్కటే కాదు. చెరువుల్లో గుర్రపుడెక్క ఉంది, అర్పాలో ఉంది, గట్ల మీద బేశరం అనే పొద ఉంది. వాటి కథ వేరే రాయాలి. అడవిలో లంటానా మాత్రం చెప్పకుండా ఉండలేను. 1807 ప్రాంతంలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసం తెచ్చిన పొద అది. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో పులులుండే అడవుల్లో 40 శాతానికి పైగా దాని బారిన పడ్డాయి. మనకి దగ్గర్లోని అచానక్‌మార్, 1975లో అభయారణ్యం, 2009 నుంచి టైగర్ రిజర్వు, అందుకు మినహాయింపు కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు చూపిన పద్ధతి చాలా తేలికైనది. పైన నరికితే వంద పిలకలు వేస్తుంది. అందుకని నేలకి కాస్త కింద తల్లివేరు తెంచి, పొదని తలకిందులు చేసి ఎండనివ్వాలి. కాయలు రాకముందే చెయ్యాలి, లేకపోతే పిట్టలు గింజలు మోసుకుపోతాయి. ఖాళీ అయిన నేలలో వెంటనే స్థానిక గడ్డి వెయ్యాలి. అక్కడా కాలమే మూలం.

ఇక నా ఫిర్యాదు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా వయ్యారిభామ నిర్మూలన వారం జరుగుతుంది. జబల్‌పూర్ సంస్థ చొరవతో మొదలైన మంచి పని అది, మా పిల్లలూ ఊరేగింపుల్లో నడిచారు. కాని జూన్ వానకి బిలాస్‌పూర్‌లో మొలిచిన మొక్క ఆగస్టు నడిమికి తెల్లగా పూసి ఉంటుంది. కాలనీల్లో కాంట్రాక్టు కోతలు అంతకన్నా ఆలస్యం, దసరా ముందు. మిషన్‌తో నడుముకి కోసి, గింజలతో సహా ట్రాక్టరులో వేసి ఊరి మీదుగా తీసుకెళ్తారు. ఆ డబ్బుకి జులైలో మనుషుల్ని పెడితే సగం పని మిగలదు. ఆగస్టు వారం రెండో విడత కావాలి, తప్పించుకున్నవాటి కోసం. మొదటి విడత నాన్న గడువులోనే జరగాలి.

ఈ ఏడు ఏరువాక పున్నమి దాటాక మంచి వాన పడిన మర్నాడు మీ ఇంటి ప్రహరీ చుట్టూ ఒకసారి చూడండి. చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. దురద, ఉబ్బసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండండి. వేరుతో సహా పీకి, పూత లేనివాటిని కంపోస్టు గుంటలో వెయ్యండి. పోయిన చలికాలంలో ఏరిన తగిరిస గింజలుంటే వేసవిలోనే ఆ నేలమీద చల్లి పెట్టుకోండి, వానకి అవి మొలిచి చోటు ఆక్రమిస్తాయి. పనికి మనుషుల్ని పెడితే ముందు వాళ్ళకి తొడుగులు కొనివ్వండి. హరేలీ లోపల ముగించండి.