వాయిస్ క్లోనింగ్ నుంచి గొంతుకు రక్షణ

ఒక మనిషి మాటల రికార్డింగును నమూనాగా తీసుకుని, అతను ఎన్నడూ అనని మాటలను అతని గొంతుతోనే పలికించే కృత్రిమ మేధ ప్రక్రియ వాయిస్ క్లోనింగ్. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన వాల్-ఈ నమూనాకు మూడు సెకన్ల రికార్డింగు సరిపోతుంది. నకిలీని పసిగట్టే పద్ధతులను బేరీజు వేసేందుకు 2015 నుంచి ఏఎస్‌వీస్పూఫ్ పేరిట అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అయితే పాత నకిలీలతో తర్ఫీదు పొందిన డిటెక్టర్లు కొత్త తరహా నకిలీ ఎదురైతే తడబడతాయి. పైగా సంప్రదాయ టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది. నకిలీ గొంతులోని సూక్ష్మమైన లోపాలు అక్కడే వడకట్టుకుపోతాయి. ఇది మోసగాడికే లాభం.

తెలుగునాట ఈ విషయంపై చర్చ రేపిన చిత్రం ‘కీడా కోలా’ (2023, దర్శకుడు తరుణ్ భాస్కర్, సంగీతం వివేక్ సాగర్). 2020 సెప్టెంబరు 25న కన్నుమూసిన గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో పునఃసృష్టించి ఇందులో వాడారంటూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ 2024 జనవరిలో లీగల్ నోటీసు పంపారు. సాంకేతికతతో తమకు పేచీ లేదని, కుటుంబాన్ని అడగకపోవడమే అభ్యంతరమని ఆయన వాదన. అదే నెలలో సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ తమిళ చిత్రం ‘లాల్ సలామ్’ పాటకు దివంగత గాయకులు బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఏఐతో వాడుకున్నారు. ముందుగా ఆ కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం చెల్లించారు. రెండుచోట్లా పని ఒకలాంటిదే. ఒకచోట నోటీసు దాకా వెళ్లింది, మరోచోట వెళ్లలేదు.

గొంతు కోసమే ప్రత్యేకించి చేసిన చట్టం భారత్‌లో లేదు. కోర్టులు పేరు, రూపం, గొంతు వంటి వాటిపై మనిషికుండే వ్యక్తిత్వ హక్కుల కిందే రక్షణ కల్పిస్తున్నాయి. అనుమతి లేకుండా గొంతును క్లోన్ చేసే టూళ్లను అందుబాటులో ఉంచడమూ ఈ హక్కుల ఉల్లంఘనే అని గాయకుడు అరిజిత్ సింగ్ కేసులో బొంబాయి హైకోర్టు 2024 జులైలో అభిప్రాయపడింది. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నటుడు చిరంజీవి పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం మాత్రం గొంతుకు రక్షణనిచ్చే ‘ఎల్విస్ చట్టం’ తెచ్చి, 2024 జులై 1 నుంచి అమలు చేస్తోంది.

ఇవన్నీ పేరున్న గొంతుల సంగతి. తూంకుంటలో కిరాణా కొట్టు నడుపుకునే మనిషికి కొడుకు గొంతుతో “నాన్నా, యాక్సిడెంట్ అయింది, అర్జంటుగా డబ్బులు కొట్టు” అని ఫోనొస్తే వ్యక్తిత్వ హక్కుల వ్యాజ్యం ఏ మూలకూ రాదు. మరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసగిస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ పోయిన డబ్బును ఆపేది వేగమే. ఆ కాల్ పెట్టేసి, ఫోన్‌లో సేవ్ చేసుకున్న కొడుకు నంబరుకు తానే తిరిగి చేయడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. తెరపై కనిపించే నంబరునూ నకిలీ చేయొచ్చు కాబట్టి దాన్ని చూసి నమ్మకూడదు. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు పేరు, యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, పంపిన సమయం చెబితే, అవతలి ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న మొత్తాన్ని బ్యాంకులు నిలిపివేసే వీలుంటుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చి ఉంటే చెరిపేయకుండా పోలీసులకు చూపాలి.