పల్లెటూరి బడి యెవరిది?

ఒక గ్రామముయొక్క స్థితిని తెలిసికొనగోరువారు సాధారణముగా దాని చెరువును, పొలములను, దేవాలయమును చూతురు. బడిని చూచువారు తక్కువ. కాని యాయూరి జనులు ఒకరినొకరు ఎట్లు భావించుకొనుచున్నారో, తమ బిడ్డలలో నెవరిని చదువునకు తగినవారినిగా నెంచుచున్నారో బడివలన తెలిసినంత స్పష్టముగా మఱి దేనివలనను తెలియదు. మన తెలుగుదేశమున పల్లెటూరి బడికి రెండువందల యేండ్ల లిఖితచరిత్ర కలదు. ఆ చరిత్రలో మాటిమాటికి తలయెత్తు ప్రశ్న యొకటే: బడి యెవరిది? చెప్పెడి పంతులుదా? జీతమిచ్చు సర్కారుదా? బిడ్డలను పంపెడి యూరిదా? ఊరిదే యన్నచో, ఊరనగా నెవరు? ఈ ప్రశ్నకు మన పెద్దలు చెప్పిన సమాధానములను వరుసగా పరిశీలించినయెడల, నేడు మనము చెప్పవలసిన సమాధానము కొంత తేటపడగలదు.

1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరైన సర్ తామస్ మన్రో తన రాజధానిలోని బడులెన్ని, చదువువారెందఱు, వారు ఏయే కులములవారు అని ప్రతి జిల్లా కలెక్టరును లెక్క యడిగెను. అంతకు పూర్వము దత్తమండలములలో నేడేండ్లు కలెక్టరుగా నుండి గ్రామగ్రామమును తిరిగినవాడగుటచేత, దేశస్థితి తెలియక దేశమునకు చదువు చెప్పరాదని యాయన గ్రహించియుండెను. లెక్కలన్నియు చేరిన పిమ్మట రాజధాని మొత్తమున 12,498 బడులు కలవని తేలెను. అనగా సుమారు వేయిమందికొక బడి.

ఆ నివేదికలలో మిక్కిలి విలువగలది 1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ వ్రాసినది. నేటి అనంతపురము సీమ యప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. 1882లో వేఱు జిల్లా యయ్యెను. క్యాంబెల్ లెక్కప్రకారము జిల్లాలోని బడులు 533, చదువువారు 6,641. బడులలో కన్నడపువి 235, తెలుగువి 226, సంస్కృతపువి 23, మహారాష్ట్రపువి 23, పారసీవి 21, అరవపువి 4, ఇంగ్లీషుది 1. సగటున బడికి పన్నెండుగురు పిల్లలు. చదువు బ్రాహ్మణుల సొత్తని వాదించువారు గమనింపదగిన విషయ మిందొకటి కలదు. బ్రాహ్మణ బాలురు 1,185 మంది కాగా, శూద్ర బాలురు 2,998 మంది యుండిరి. వైశ్యులు 981 మంది. ఇతరకులములవారు 1,174 మంది. మహమ్మదీయులు 243 మంది. అక్షరము ఒక్క కులపు గడపలోనే కట్టుబడి యుండెననుట సత్యము కాదు.

ఆ బడి యెట్టిదో క్యాంబెల్ చక్కగా వర్ణించినాడు. అయిదవయేట శుభదినమున పిల్లవానికి అక్షరాభ్యాసము చేయుదురు. గురువును, తోడి విద్యార్థులును ఇంటికి వచ్చి వినాయకునిచుట్టు కూర్చుందురు; గురువు పిల్లవాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు వ్రాయించును. బడి తెల్లవాఱగనే యాఱుగంటలకు ప్రారంభమగును. మొదట వచ్చిన పిల్లవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. అనగా నతనికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా నొక్కొక్కటి యెక్కువ. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్ది, పిదప పలకమీదికిని ఆకుమీదికిని పోవుదురు. పెద్దతరగతి పిల్లలు చిన్నవారికి చెప్పుదురు. గురువు అందఱను కనిపెట్టి చూచుచుండును.

ఈ పిల్లలచేత పిల్లలకు చెప్పించు పద్ధతియు, ఇసుకలో వ్రాయించు పద్ధతియు మన వీథిబడులనుండి సముద్రములు దాటిపోయినవి. చెన్నపట్టణము ఎగ్మూరులోని అనాథబాలుర శాలకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్ వీనిని చూచి తన బడిలో ప్రవేశపెట్టి, స్వదేశమునకు పోయి 1797లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంగ్లాండులో అది ‘మద్రాసు పద్ధతి’ యని ప్రసిద్ధికెక్కెను. ఇంగ్లీషువారు మనకు చదువు నేర్పిరనువారు, వారి బీదబిడ్డలకు చదువు చెప్పు మార్గమును మన యరుగుబడులు కొంత నేర్పినవని మఱవరాదు.

అయినను పూర్వకాలమంతయు బంగారుకాలమని మురియుట మనకు తగదు. ఆ బడిలోని లోపములు రెండు.

మొదటిది చదువులోనిది. పిల్లలు పద్యములను కంఠస్థము చేయుదురు, అర్థ మెఱుగరు. అర్థము చెప్పగల గురువులు సయితము అరుదని క్యాంబెల్ వ్రాసినాడు. ఇది పరదేశీయుని నింద మాత్రమే కాదు. మన వెన్నెలకంటి సుబ్బారావుగారు చెన్నపట్టణపు పాఠ్యపుస్తక సంఘమువారికి 1820లో నివేదించినప్పుడు ఈ లోపమునే చూపి, బాలురకు తేటగా తెలియు వ్యాకరణములును వచనకథలును కావలెనని కోరిరి. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష వెలువడుటయు, అటువంటి పుస్తకములు ఊరూర వ్యాపించుటయు ఈ కొఱత తీర్చుటకు జరిగిన ప్రయత్నములే.

రెండవ లోపము చదువువారిని గూర్చినది. 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. నూటికొక్కరు సయితము లేరు. ఇక అంటరానివారని యూరివెలుపల నుంచబడినవారికి ఆ పట్టికలో ప్రత్యేకమైన గడియే లేదు. ‘ఇతరకులములు’ అను మాటచాటున నెవరైన నుండిరేమో యూహించుకొనవలసినదే. వీథిబడి యూరిదే, సందేహము లేదు. ఊరివారే పంతులును నిలుపుకొనిరి, ఊరివారే యాయనను పోషించిరి. కాని యాయూరిలో ఆడుబిడ్డయు, మాలమాదిగల బిడ్డయు లెక్కకు రాలేదు.

మఱియొక విషాదమును క్యాంబెల్ దాచలేదు. పూర్వము బడులున్న యనేకగ్రామములలో నిపుడు బడులు లేవనియు, పెద్దబడులుండిన చోట్ల కలిగినవారి పిల్లలు కొందఱు మాత్రమే మిగిలిరనియు, జనుల బీదతనమే దీనికి కారణమనియు తన ప్రభుత్వమువారికే వ్రాసెను. తొమ్మిదిలక్షలకు పైబడిన జనములో ఏడువేలమందియైనను బడిలో లేరు.

మన్రో యీ నివేదికలను చదివి 1826లో ఒక యేర్పాటు సూచించెను. ప్రతి తాలూకాకు ఒక తహసీల్దారీ బడి; పంతులుకు నెలకు తొమ్మిది రూపాయల జీతము. జిల్లాకు రెండు పెద్దబడులు. అచ్చటి పంతుళ్లకు పదునైదు రూపాయలు. మఱుసటియేడే పత్తికొండలో కలరాతగిలి యాయన మరణించెను. బడులు కొన్ని వెలసినవి కాని, వానిని కనిపెట్టి చూచువారు లేక 1836లో ప్రభుత్వము వానిని మూసివేసెను. పైనుండి వచ్చినదానికి క్రింద వేళ్లు పాఱలేదు.

దీనికి భిన్నమైన కథ గోదావరితీరమున జరిగినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియయ్యెను. పొలములకు నీరు వచ్చెను. రైతుచేత నాలుగు డబ్బులాడసాగెను. 1854లో రాజమహేంద్రవరపు సబ్‌కలెక్టరైన జి. ఎన్. టేలర్ నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ యను నాలుగుచోట్ల బడులు పెట్టించెను. వానిని చూచి చుట్టుపట్ల రైతులు తమ యూళ్లకును బడులు కావలెననియు, అందులకై భూమిశిస్తుపై కొంత హెచ్చుపన్ను తామే యిత్తుమనియు ముందుకు వచ్చిరి. జనులు పన్ను తగ్గింపుమని యడుగుట సర్వత్ర కలదు. చదువుకొఱకు పన్ను పెంచుకొనుట మన దేశచరిత్రలో స్మరింపదగిన ఘట్టము. చేతిలో పైకమును, కనులయెదుట మంచిబడియు నున్నప్పుడు పల్లెటూరి రైతు చదువునకు విముఖుడు కాడని యిందువలన రుజువగుచున్నది.

ఈ పన్నును క్రమబద్ధము చేయుటకై 1863లో చట్టము పుట్టెను. ఇష్టముతో నిచ్చినది నిర్బంధముగా మాఱెను. ఊరి యుత్సాహము సన్నగిల్లెను. 1871నాటి స్థానికనిధుల చట్టముతో బడుల భారము బోర్డుల చేతికి పోయెను. అప్పటినుండి మన జనులనోట బడి ‘బోర్డుస్కూలు’ అయ్యెను. పేరులోనే ఊరు పోయినది.

ఇక నడిమితరగతుల బడి మాట. పిల్లవానికి పదునొకండవయేటినుండి పదునాలుగవయేటివఱకు గల చదువిది. చెన్నరాజధానిలో దీనికి రెండు త్రోవలుండెడివి. ఒకటి ఇంగ్లీషుతో కూడిన మొదటి ఫారమునుండి మూడవ ఫారమువఱకు గల త్రోవ. అది ఉన్నతపాఠశాలకును, పట్టణమునకును, ఉద్యోగమునకును కొనిపోవును. రెండవది పల్లెలలోని హయ్యర్ ఎలిమెంటరీ బడి. అది యెనిమిదవ తరగతితో ముగిసి, పిల్లవానిని ఉపాధ్యాయశిక్షణకో, తిరిగి పొలమునకో పంపును. ఏ త్రోవ దొరకునో పిల్లవాని బుద్ధికంటె అతని తండ్రి నివసించు ఊరే యెక్కువగా నిర్ణయించెను. నైజాము తెలంగాణములో ఈ నడిమిబడిని ‘వస్తానియా’ యనిరి. అచ్చట బోధ ఉర్దూలో జరుగుటచేత, తెలుగుబిడ్డకు పాఠముకంటె ముందు భాషయే గోడయై నిలిచెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదులో తెలుగు బాలికాపాఠశాలను స్థాపించుట యీ గోడకు కొట్టిన గండి.

ఆడుబిడ్డ విషయమున నడిమిబడి మఱింత కఠినమైన పరీక్ష. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాల నెలకొల్పిరి. చిన్నతరగతులకు బాలికలను పంపుటకు జనులు క్రమముగా నొప్పుకొనిరి. కాని పదునొకటి, పండ్రెండు, పదుమూడు అను నేండ్లే ఆనాడు పెండ్లియేండ్లు. అయిదవ తరగతి తరువాత బాలిక బడిబాట విడిచి యత్తవారింటిబాట పట్టెడిది. 1929నాటి శారదాచట్టము బాలిక వివాహవయస్సును పదునాలుగేండ్లు చేసినది. సరిగా నడిమిబడి ముగియు వయస్సది. 1978లో చట్టము దానిని పదునెనిమిదికి పెంచెను. స్త్రీవిద్యయు, బాల్యవివాహనిషేధమును వేఱువేఱు సంస్కరణలు కావు. ఆఱవ తరగతి గదిలో అవి రెండును ఒకే బల్లమీద కూర్చున్నవి.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట జరిగిన మార్పును తక్కువచేయరాదు. 1950నాటి రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. 1959నుండి బడులు పంచాయతీ సమితుల చేతికి వచ్చెను. నడిమిబడి ప్రాథమికోన్నత పాఠశాల యయ్యెను. 1991నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఎమ్. వెంకటరంగయ్య ఫౌండేషనువారు పొలములలో కూలిచేయు పిల్లలను బడికి తెచ్చుటకు పూనుకొని, బడిలో లేని బిడ్డ ప్రతివాడును పనిలోనున్న బిడ్డయే యని లోకమునకు చూపిరి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బడిపిల్లలకు మధ్యాహ్నభోజనము ప్రారంభమయ్యెను. వేదికలమీద సంస్కర్తలు చెప్పిన సహపంక్తిభోజనమును పల్లెబడి వరండా దినచర్యగా చేసినది. 2010లో అమలునకు వచ్చిన విద్యాహక్కుచట్టము ఆఱేండ్లనుండి పదునాలుగేండ్లవఱకు చదువు బిడ్డ హక్కనెను. ఆఱునుండి యెనిమిదివఱకు గల తరగతులకు విజ్ఞానగణితములకొకరు, సాంఘికమునకొకరు, భాషలకొకరు ఉపాధ్యాయులుండవలెననెను. బడి నిర్వాహకసంఘములో ముప్పాతికవంతు తలిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెననెను.

చట్టరీత్యా బడి నేడు సంపూర్ణముగా నూరిది. మాలవాడయు ఊరే, ఆడుబిడ్డయు ఊరే. ఇది మన రెండువందల యేండ్ల చరిత్రలో గొప్ప విజయము. కాని యింతలో విపరీత మొకటి జరిగినది. క్యాంబెల్ కాలమున బడినుండి తొలగిపోయినవారు బీదలు. కలిగినవారి పిల్లలు మిగిలిరి. నేడు పెక్కు గ్రామములలో కలిగినవారు, చదువుకొన్నవారు తమ బిడ్డలను తెల్లవాఱగనే ప్రైవేటుబడి బస్సెక్కించుచున్నారు. బీదల బిడ్డలు ఊరిబడిలో మిగులుచున్నారు. నాడు ఊరు బడిని తనదనుకొనెను కాని యందఱిని రానీయలేదు. నేడు బడి యందఱిని రానిచ్చుచున్నది కాని, నోరుగలవారు దానిని తమదనుకొనుట మానిరి. నోరుగలవాని బిడ్డలేని బడిలో గణితపు పంతులు స్థానము ఖాళీగా నున్నను అడుగువాడుండడు. పిల్లలు తగ్గిరన్న కారణమున తరగతులను మఱియొక యూరికి తరలించినప్పుడు, తమ్ముడు బస్సులో పోవును. అక్క యింట నిలిచిపోవును.

తన బిడ్డ మేలుకోరి తండ్రి చేసిన యేర్పాటును నిందింపను. కాని బిడ్డను వేఱుబడికి పంపినంతమాత్రమున ఊరిబడితో ఋణము తీరదు. ఈ పత్రికను చదువు గృహస్థులును, గృహిణులును చేయదగిన పనులు మూడు కలవు. ఒక్కదానికైనను ధనవ్యయము లేదు. నిర్వాహకసంఘపు సమావేశమునకు పోయి కూర్చుండుడు. సంతకము చేయవచ్చిన కూలితల్లికి ఆ కాగితములో నేమున్నదో చదివి చెప్పుడు. ఏడవతరగతి బిడ్డను పిలిచి యొక పుట చదివించి, అర్థమడుగుడు. సుబ్బారావుగారు 1820లో చూపిన జబ్బు పూర్తిగా కుదిరినదో లేదో మీకే తెలియును. అయిదవ తరగతి ముగించి ఆఱవ తరగతిలో చేరని బాలిక మీ వీథిలో నెవరని విచారించి, ఆమె యింటికి మీ యింటి యాడువారిని పంపుడు.

గోదావరిరైతులు పన్ను నిత్తుమని ముందుకు వచ్చినప్పుడు వారిని బలవంతపెట్టినవా రెవరును లేరు. బడిని తమదని తలచిరి, అంతే. ఆనాటి ఊరు చిన్నది. నేటి ఊరు పెద్దదైనది. పెద్దదైన యూరికి పెద్దమనసు కూడ కావలెను.